బాగా ఉడికించుకోండి అని చెప్తే సరిపోదు

ఇక్కడ అమెరికాలో ఏ స్టోర్‌లో పచ్చి చికెన్ ప్యాకెట్ కొన్నా, గ్రౌండ్ బీఫ్ కొన్నా, దాని మీద చిన్న చిన్న బొమ్మలతో ఒక లేబుల్ ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టండి, పచ్చి మాంసం వేరే వాటికి తగలనివ్వకండి, చేతులూ కత్తులూ కడుక్కోండి, బాగా ఉడికించండి అని. 1994 నుంచి ఇది తప్పనిసరి చేశారు. అందులో ఉన్నవన్నీ మంచి మాటలే, మా ఇంట్లో కూడా అవన్నీ పాటిస్తాం. కానీ ఆ లేబుల్ చూసినప్పుడల్లా నాకు మనసులో ఒకటే అనిపిస్తుంది, ఆ బొమ్మలన్నీ కొనుక్కున్నవాళ్లు ఏం చెయ్యాలో చెప్పేవే, కోసి అమ్మినవాళ్లు ఏం చెయ్యాలో చెప్పే బొమ్మ ఒక్కటి కూడా లేదు. పైన మాత్రం ఒక లైన్ ఉంటుంది, ఇది తనిఖీ చేసి పాస్ చేసిన మాంసం అని. ఏం తనిఖీ చేశారు, ఏది పాస్ అయింది అనేదే అసలు కథ, ఇవాళ దాని గురించే రాయాలనుకుంటున్నా.

నేను చదివింది గన్నవరంలో వెటర్నరీ, ఇప్పుడు పని చేసేది ఇక్కడ ఒక ఫుడ్ టెస్టింగ్ ల్యాబ్‌లో. ఈ విషయం ఎత్తితే చాలు మా వదిన ఎప్పుడూ ఒకటే మాట అంటుంది, "మనం ఈ తెల్లోళ్లలాగా సగం పచ్చిగా తింటామా, కుక్కర్‌లో పెట్టి నాలుగు విజిల్స్ వచ్చేదాకా దించం, మనకేం అవుతుంది?" అని. వదిన అన్నదాంట్లో నిజం ఉంది, మాంసంతో వచ్చి విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా కుక్కర్‌లోంచి బతికి బయటపడదు. కానీ కూర కుక్కర్‌లోకి వెళ్లేలోపు ఏం జరుగుతుందో చూడండి. చికెన్‌ని సింకులో వేసి పసుపు, ఉప్పు వేసి రుద్ది రుద్ది కడుగుతాం, ఆ నీళ్లు చిమ్మి పక్కన ఆరబెట్టిన గిన్నెల మీద పడతాయి, అదే చేత్తో కొళాయి తిప్పుతాం, అదే చేత్తో కారం డబ్బా తీస్తాం, తర్వాత పెరుగు పచ్చడికి ఉల్లిపాయలు అదే కటింగ్ బోర్డు మీద తరుగుతాం. కూర ఉడికింది, పెరుగు పచ్చడి ఉడకలేదు కదా. ఇంట్లో రెండేళ్ల పిల్ల ఉంటే ముందు దెబ్బ దానికే.

సరే, అసలు ఈ బ్యాక్టీరియా మాంసంలోకి ఎలా వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పశువు కండలో సాధారణంగా ఏమీ ఉండదు, ఉండేది పేగుల్లోనూ తోలు మీదా. తోలు ఒలిచేటప్పుడు పేడ మరక కండకి తగిలినా, పేగులు తీసేటప్పుడు కత్తి కాస్త లోతుగా దిగి పేగు తెగినా అంటుకుంటుంది. ముక్కగా ఉన్నంతసేపు అది పైపైనే ఉంటుంది, పెనం మీద పడితే పోతుంది. కైమా కొట్టామనుకోండి, పైన ఉన్నదంతా లోపలికి వెళ్లిపోతుంది. పైగా పెద్ద ప్లాంట్లలో ఒక లాట్ కైమాలో, అంటే ఒక విడతలో తయారైన సరుకులో, చాలా పశువుల మాంసం కలిసిపోతుంది, ఒక్కదానికి అంటినా మొత్తానికి అంటినట్టే. ఈ.కోలి ఓ157:హెచ్7 అనే రకం ఉంది, అది ఆవు పేగుల్లో హాయిగా బతుకుతుంది, ఆవుకి ఏ జబ్బూ చెయ్యదు, అందుకే బతికున్న ఆవుని చూసి ఏ డాక్టరూ చెప్పలేడు. మనిషికి మాత్రం వంద కన్నా తక్కువ కణాలు లోపలికి వెళ్లినా చాలు. చిన్న పిల్లల్లో రక్త విరేచనాలతో మొదలై కొందరికి కిడ్నీలు పాడైపోయేదాకా వెళ్తుంది.

ఇక ఆ తనిఖీ సంగతి. అమెరికాలో మాంసం తనిఖీ చట్టం 1906లో వచ్చింది, చికాగో కబేళాల్లో మురికి గురించి బయటపడ్డాక జనం గోల చేస్తే వచ్చింది. ఆ రోజులకి అది గొప్ప చట్టమే. ఇన్‌స్పెక్టర్ ప్రతి పశువునీ బతికుండగా ఒకసారి, కోశాక ఒకసారి చూడాలి, గ్రంథులు కోసి చూడాలి, వాసన చూడాలి. క్షయ ఉన్న పశువు, కుళ్లిన మాంసం, పుండ్లు, ఇవన్నీ అలా దొరికేవి. కానీ బ్యాక్టీరియాకి రంగూ లేదు వాసనా లేదు. అలా చూసి తాకి వాసన చూసి ముద్ర వేసే పద్ధతి దాదాపు తొంభై ఏళ్లు అలాగే నడిచింది.

మధ్యలో 1974లో ఒక కేసు నడిచింది. ప్రజారోగ్య సంఘం వాళ్లు కోర్టుకి వెళ్లి, ఈ మాంసంలో సాల్మొనెల్లా ఉండొచ్చు, ఏమీ చెప్పకుండా తనిఖీ ముద్ర వేస్తే జనం మోసపోతారు, కనీసం హెచ్చరిక అన్నా రాయండి అన్నారు. కోర్టు ఒప్పుకోలేదు. అమెరికన్ గృహిణులు, వంట చేసేవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు, వాళ్లు వండే పద్ధతిలో మామూలుగా ఈ జబ్బు రాదు అని తీర్పు ఇచ్చింది. పైకి చూస్తే ఇల్లాళ్లని గౌరవించినట్టే ఉంటుంది, కానీ దాని ఫలితం ఏమైందంటే ప్లాంట్‌లో అంటిన మురికిని వదిలించే పని చట్టప్రకారం వంటింట్లో ఉన్న ఆడవాళ్ల మీద పడింది. నాకు ఈ తీర్పు చదివినప్పుడల్లా కోపం వస్తుంది, దాచుకోను.

1993 జనవరి. సియాటిల్ పిల్లల ఆస్పత్రిలో రక్త విరేచనాలతో పిల్లలు ఒకరి తర్వాత ఒకరు రావడం మొదలైంది. అక్కడి డాక్టర్ ఫిల్ టార్ ఇది మామూలుగా లేదని రాష్ట్ర ఆరోగ్య శాఖకి చెప్పాడు. వాషింగ్టన్ రాష్ట్రం 1987 నుంచే ఈ ఓ157 కేసు వస్తే డాక్టర్లు తప్పనిసరిగా రిపోర్ట్ చెయ్యాలని రూల్ పెట్టుకుంది, అప్పటికి చాలా రాష్ట్రాల్లో అది లేదు. అందుకే జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో వెతికే రాష్ట్ర ఎపిడెమియాలజిస్ట్ జాన్ కొబయాషి టీమ్ కొద్ది రోజుల్లోనే జాక్ ఇన్ ద బాక్స్ అనే ఫాస్ట్‌ఫుడ్ కంపెనీ హాంబర్గర్ల దాకా వెళ్లగలిగింది. మొత్తం నాలుగు రాష్ట్రాలు, 700 మందికి పైగా జబ్బు పడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. ఆ రాష్ట్రంలో బర్గర్ లోపల 155 ఫారెన్‌హీట్ దాకా ఉడకాలని రూల్ ఉంది, కేంద్రం చెప్పింది 140, ఆ కంపెనీ 140 ప్రకారమే వండింది. కాబట్టి వండేవాళ్ల తప్పు కూడా ఉంది, కాదనను. కానీ ఆ కైమా ప్లాంట్ నుంచి బయటికి వచ్చేటప్పుడే పాస్ అనే ముద్రతో వచ్చింది, ఆ ముద్ర వేసినవాళ్లు అప్పటి చట్టం ప్రకారం ఏ తప్పూ చెయ్యలేదు. అదే కదా భయం వేసేది.

అదే ఏడాది జులైలో చికాగోలో నాన్సీ డాన్లీ అనే ఆవిడ ఆరేళ్ల కొడుకు అలెక్స్ కూడా ఇదే బ్యాక్టీరియాతో చనిపోయాడు. ఆవిడా, ఇలాగే పిల్లల్ని పోగొట్టుకున్న ఇంకొంతమంది తల్లిదండ్రులూ కలిసి ఏళ్ల తరబడి వాషింగ్టన్ డీసీ చుట్టూ తిరిగారు, ప్రతి కమిటీ ముందూ కూర్చుని అదే బాధ మళ్లీ మళ్లీ చెప్పారు. తర్వాత వచ్చిన మార్పుల్లో సైంటిస్టుల భాగం ఎంత ఉందో ఈ తల్లుల భాగం అంతే ఉందని నేను నమ్ముతా.

మార్పు ఎక్కడ మొదలైందంటే 1994 సెప్టెంబర్ 29న. అమెరికా వ్యవసాయ శాఖ యూఎస్‌డీఏలో మాంసం తనిఖీ చేసే విభాగం ఎఫ్‌ఎస్‌ఐఎస్, దానికి కొత్తగా వచ్చిన అధిపతి మైకేల్ టేలర్ మాంసం కంపెనీల మీటింగ్‌కే వెళ్లి, వాళ్ల ముందే చెప్పాడు, పచ్చి గ్రౌండ్ బీఫ్‌లో ఓ157:హెచ్7 ఉంటే ఇకనుంచి దాన్ని చట్టప్రకారం కల్తీ మాంసంగా లెక్కేస్తాం అని. వినడానికి చిన్న మాటలాగే ఉంటుంది. కానీ కల్తీ అని తేలినదాన్ని అలాగే అమ్మడం నేరం, అమ్మితే రీకాల్ చెయ్యాలి, అంటే అమ్మిన సరుకు వెనక్కి తెప్పించాలి. అంతకు ముందు అదే మాంసంలో అదే బ్యాక్టీరియా కనపడితే ప్రభుత్వం చెయ్యగలిగింది ఏమీ లేదు. స్టోర్ల నుంచీ ప్లాంట్ల నుంచీ 5,000 శాంపిల్స్ తీసి టెస్ట్ చేస్తామని ప్రకటించారు. కంపెనీల సంఘాలు వెంటనే టెక్సాస్‌లో కోర్టుకెక్కాయి, 1974 తీర్పు చూపించి. ఈసారి జడ్జి ప్రభుత్వం వైపే నిలబడ్డాడు, చాలామంది అమెరికన్లు కైమాని లోపల ఎర్రగా ఉన్నా ఉడికిందనే అనుకుంటారు, కాబట్టి వండితే పోతుంది కదా అనే వాదన ఇక్కడ చెల్లదు అన్నాడు.

ఆ ఒక్క మాట వల్ల ఏం మారిందో మా ల్యాబ్‌లో రోజూ చూస్తుంటా. శాంపిల్స్ ఐస్ ప్యాక్‌లు పెట్టిన డబ్బాల్లో వస్తాయి. 325 గ్రాముల కైమా తూచి, ప్లాస్టిక్ సంచిలో వేసి, బ్యాక్టీరియా పెరిగే ద్రవం పోసి బాగా కలిపితే సంచి నిండా ఎర్రటి చిక్కటి నీళ్లు అవుతాయి. దాన్ని రాత్రంతా 42 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇంక్యుబేటర్‌లో పెడతాం. ఆ 325 గ్రాముల్లో బతికున్న కణాలు ఏవో నాలుగు ఉన్నా తెల్లారేసరికి కోట్లు అవుతాయి, అప్పుడు బ్యాక్టీరియా డీఎన్‌ఏని పట్టే పీసీఆర్ టెస్ట్‌లో పెడితే దొరికిపోతాయి. ఈలోపు అవతల ప్లాంట్‌లో ఆ లాట్ మొత్తం కోల్డ్ స్టోరేజీలో ఆగి ఉంటుంది, ఎఫ్‌ఎస్‌ఐఎస్ తీసిన శాంపిల్ అయితే రిజల్ట్ వచ్చేదాకా లారీ ఎక్కించడానికి లేదు, ఈ రూల్ మాత్రం 2013లో గానీ రాలేదు, అంతకు ముందు రిజల్ట్ వచ్చేసరికి మాంసం స్టోర్లకి వెళ్లిపోయి సగం మంది తినేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఒక లాట్ ఆగితే కంపెనీకి ఎంత నష్టమో ఊహించుకోండి. ఆ నష్టం భయంతోనే తోలు ఒలిచే దగ్గర ఆవిరి వాక్యూమ్‌లు, వేడి నీళ్ల స్ప్రేలు, లాక్టిక్ యాసిడ్ స్ప్రేలు అన్నీ వచ్చాయి. చెయ్యండి బాబూ అని బతిమాలితే వచ్చినవి కావు.

1996లో హాసప్ రూల్ వచ్చింది. వ్యోమగాములకి తిండి తయారు చేసేటప్పుడు నాసా, పిల్స్‌బరీ కంపెనీ కలిసి మొదలుపెట్టిన పద్ధతి అది, తయారయ్యాక చివర్లో టెస్ట్ చెయ్యడం కాకుండా ఎక్కడెక్కడ ప్రమాదం దూరగలదో ముందే గుర్తించి అక్కడే కాపలా పెట్టడం, టెంపరేచర్ ఎంత, ఎంతసేపు అన్నీ రాసిపెట్టడం. పెద్ద ప్లాంట్లకి 1998, చిన్నవాటికి 1999, మరీ చిన్నవాటికి 2000 అని టైమ్ ఇచ్చారు. చిన్నవాళ్లకి ఎక్కువ టైమ్ ఇవ్వడం నాకు నచ్చింది, లేకపోతే రూల్ పెట్టడం అంటే చిన్న షాపుల్ని మూయించడమే అవుతుంది. ఫలితం కూడా కనపడింది, 2000లో కైమా శాంపిల్స్‌లో 1 శాతానికి కాస్త తక్కువలో ఓ157 దొరికేది, 2004కి అది 0.2 శాతం లోపుకి పడిపోయింది. ఇంకో ఆరు రకాల ప్రమాదకరమైన ఈ.కోలిని కూడా 2012 నుంచి టెస్ట్ చేసి కల్తీగానే లెక్కేస్తున్నారు.

ఇక్కడితో ఆగితే కథ బాగానే ఉండేది. కానీ సాల్మొనెల్లా దగ్గరికి వచ్చేసరికి చట్టం చేతులెత్తేసింది. డల్లాస్‌లో సుప్రీమ్ బీఫ్ అనే కైమా ప్లాంట్ ఉండేది, స్కూళ్లలో పిల్లల మధ్యాహ్న భోజనానికి కూడా సరఫరా చేసేది. సాల్మొనెల్లా టెస్ట్‌లో వరసగా మూడుసార్లు ఫెయిల్ అయింది, మొదటి విడతలో దాదాపు సగం శాంపిల్స్‌లో బ్యాక్టీరియా ఉంది. ప్రభుత్వం ఇన్‌స్పెక్టర్లని వెనక్కి తీసుకుని ప్లాంట్ ఆపాలని చూసింది, కంపెనీ కోర్టుకి వెళ్లింది. 2001 డిసెంబర్‌లో అప్పీల్ కోర్టు కంపెనీ పక్షానే తీర్పు చెప్పింది. వాళ్ల లెక్క ఏంటంటే, బ్యాక్టీరియా బయటి నుంచి కొన్న మాంసంతో పాటే లోపలికి వచ్చి ఉండొచ్చు, కాబట్టి టెస్ట్ ఫెయిల్ అయినంత మాత్రాన ఈ ప్లాంట్ మురికిగా ఉన్నట్టు కాదు అని. కొన్నవాడు కోసినవాడి మీదకి, కోసినవాడు పెంచినవాడి మీదకి తోసుకుంటూ పోతే చివరికి ఎవరి దగ్గర ఆగుతుంది, తిన్న పిల్లాడి దగ్గర ఆగుతుంది. ఆ తీర్పు తర్వాత ఈ ప్రమాణాలు కాగితం మీద ఉన్నాయి గానీ ఫెయిల్ అయితే మూసే అధికారం లేకుండా పోయింది.

మన తెలుగువాళ్లు ఎక్కువ తినేది చికెన్ కాబట్టి దాని సంగతి కాస్త వివరంగా చెప్తా. పచ్చి చికెన్ ముక్కల్లో సాల్మొనెల్లా ఉన్నా అది కల్తీ కాదు, ఇవాళ్టికీ కాదు. 2016లో పెట్టిన ప్రమాణం ప్రకారం ప్లాంట్‌లో 52 శాంపిల్స్ తీస్తే అందులో 8 దాకా పాజిటివ్ వచ్చినా ఆ ప్లాంట్ పాస్. చికెన్ కైమా అయితే 13 దాకా. అది దాటినా మాంసం ఆగదు, స్టోర్‌కి వస్తూనే ఉంటుంది. 2013లో కాలిఫోర్నియాకి చెందిన ఫాస్టర్ ఫామ్స్ చికెన్ వల్ల 600 మందికి పైగా జబ్బు పడ్డారు, అందులో చాలామందికి మామూలు యాంటీబయాటిక్స్‌కి లొంగని రకం, అయినా ఏడాది దాటాక 2014 జులైలో గానీ రీకాల్ రాలేదు. ఎందుకు, చట్టప్రకారం ఆ చికెన్‌లో తప్పేమీ లేదు కాబట్టి.

2024లో కాస్త ఆశ పుట్టింది. పిండి అద్ది లోపల చీజ్ లాంటివి పెట్టి పచ్చిగానే అమ్మే చికెన్ ఉంటుంది, చూడటానికి ఉడికినట్టే ఉంటుంది, దానిలో సాల్మొనెల్లా గ్రాముకి ఒకటి ఉన్నా కల్తీ అని ఆ వసంతంలో నిర్ణయించారు. ఆ ఎండాకాలంలోనే మొత్తం పచ్చి చికెన్‌కీ టర్కీకీ కలిపి పెద్ద ప్రతిపాదన పెట్టారు, బ్యాక్టీరియా సంఖ్య ఇంత దాటి, అందులో జబ్బు ఎక్కువ చేసే రకం ఉంటే అమ్మడానికి వీల్లేదు అని. 2025 ఏప్రిల్‌లో కొత్త ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసేసుకుంది. నా ఉద్దేశంలో అది తప్పు నిర్ణయం. ఖర్చు పెరుగుతుంది, చిన్న ప్లాంట్లు తట్టుకోలేవు అనే వాదన నేనూ విన్నా, అందులో కొంత నిజం ఉంటుంది కూడా, దానికి హాసప్ అప్పుడు చేసినట్టు టైమ్ ఇవ్వండి, డబ్బు సాయం చెయ్యండి. ఏడాదికి 13.5 లక్షల మంది ఈ దేశంలో సాల్మొనెల్లాతో జబ్బు పడుతున్నారని, దాదాపు 420 మంది చనిపోతున్నారని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అంచనా, అందరికీ చికెన్ వల్లే కాదు గానీ పెద్ద భాగాల్లో అదొకటి. ఆ ఖర్చు ఎవరు లెక్కేస్తున్నారు?

అసలు పచ్చి చికెన్‌లో సాల్మొనెల్లా లేకుండా చెయ్యడం కుదరదు అనేవాళ్లకి నేను స్వీడన్ పేరు చెప్తా. 1953లో అక్కడ ఆల్వెస్టా అనే ఊళ్లో కబేళా నుంచి వచ్చిన మాంసంతో దాదాపు 9,000 మంది జబ్బు పడ్డారు, 90 మంది దాకా చనిపోయారు. ఆ దెబ్బకి 1961లో చట్టం తెచ్చారు. దాణా దగ్గర మొదలుపెట్టి ఫారం, కబేళా దాకా టెస్ట్ చేస్తారు, మందలో దొరికితే ఆ మంద తిండిలోకి రాదు. ఇప్పుడు స్వీడన్‌లో పెరిగిన కోళ్లలో సాల్మొనెల్లా చాలా అరుదు.

రూల్ ఉన్నంత మాత్రాన అయిపోదనేది కూడా చూశాం. 2024లో బోర్స్ హెడ్ కంపెనీ వర్జీనియా ప్లాంట్ నుంచి వచ్చిన మాంసంలో లిస్టీరియా అనే ఇంకో బ్యాక్టీరియా, 61 మంది జబ్బు పడ్డారు, అందులో 60 మంది ఆస్పత్రి పాలయ్యారు, 10 మంది చనిపోయారు. ఆ ప్లాంట్‌లో బూజు, పురుగులు, కారుతున్న నీళ్లు అని ఇన్‌స్పెక్టర్లు ఏడాదిగా రాస్తూనే ఉన్నారు. రాశారు, ఫైల్ అయింది, ప్లాంట్ నడిచింది. రాసినదానికి విలువ ఉండాలంటే ఇన్నిసార్లు రాస్తే ప్లాంట్ ఆగిపోతుంది అని కూడా రాసి ఉండాలి.

మన దగ్గరికి వస్తే, ఫుడ్ సేఫ్టీ చట్టం 2006లో వచ్చింది, రూల్స్ 2011 నుంచి అమల్లో ఉన్నాయి. రోజుకి 50 కోళ్ల లోపు కోస్తే రిజిస్ట్రేషన్ చాలు, అది దాటితే రాష్ట్ర లైసెన్స్ కావాలి, వెయ్యి దాటితే కేంద్ర లైసెన్స్. ఆదివారం పొద్దున మన ఊళ్లో ఏ చికెన్ షాపు ముందైనా క్యూ చూడండి, 50 అనేది ఎన్ని గంటలకి దాటిపోతుందో. బోనులోంచి తీసి, కోసి, డ్రమ్ములో వేసి, తోలు లాగి, అదే చేత్తో పేగులు తీసి, అదే మొద్దు మీద కొట్టి కవర్లో వేస్తారు. మన కళ్ల ముందే కోశారు కాబట్టి ఫ్రెష్ అనుకుంటాం. ఏళ్ల తరబడి కత్తి దెబ్బలు పడ్డ ఆ చెక్క మొద్దు గాట్లలో ఏముందో ఎవరూ స్వాబ్ తీసి చూడరు. షాపతన్ని తిట్టి లాభం లేదు, అతనికి స్టీలు టేబులూ, వేడి నీళ్లూ, డ్రైనేజీ ఎవరన్నా ఇచ్చారా? మున్సిపాలిటీ వార్డుకొకటి శుభ్రంగా కోసే చోటు కట్టి, అందులో వెటర్నరీ డాక్టర్‌ని పెడితే ఆ షాపతనే మొదట వస్తాడు. ఎగుమతి చేసే మాంసానికి మన దేశంలోనే హాసప్ ఉంది, డాక్టర్ తనిఖీ ఉంది, ల్యాబ్ టెస్ట్ ఉంది. హైదరాబాద్ దగ్గర చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. తెలియక కాదు, బయటి దేశం అడిగింది కాబట్టి వాళ్లకి చేస్తున్నాం, మనం అడగలేదు కాబట్టి మనకి చెయ్యట్లేదు.

ఇంకోటి, మన దగ్గర వాంతులు విరేచనాలు పడితే వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుని ఇంటికొచ్చేస్తాం, ఏ బ్యాక్టీరియానో కల్చర్ చేసి చూసే అలవాటే లేదు. సియాటిల్‌లో డాక్టర్ రిపోర్ట్ చెయ్యాలనే రూల్ ఉండబట్టి దొరికింది. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మోమోస్ తిని ఒకావిడ చనిపోయింది, చాలామంది ఆస్పత్రి పాలయ్యారు, వెంటనే తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది. ఆ నిషేధం మంచిదే, కానీ ప్రాణం పోయాక ఒక వస్తువుని ఆపడం వేరు, ఫారం దగ్గరా కబేళా దగ్గరా రోజూ టెస్ట్ చేసి ఆ రిజల్ట్ జనం ముందు పెట్టడం వేరు.

అమెరికాలో ఉన్నవాళ్లు ఈ వారం ఒక పని చెయ్యండి. చికెన్ ప్యాకెట్ మీద యూఎస్‌డీఏ గుండ్రటి ముద్రలో గానీ పక్కన గానీ 'పి' అనే అక్షరం తర్వాత ఒక నంబర్ ఉంటుంది, అది ఆ ప్లాంట్ నంబర్. ఎఫ్‌ఎస్‌ఐఎస్ సైట్‌లో ప్లాంట్లవారీగా సాల్మొనెల్లా కేటగిరీ పెడతారు, 1 అంటే ప్రమాణంలో సగం లోపే, 2 అంటే సగం దాటినా ప్రమాణం లోపే, 3 అంటే ఫెయిల్. మీరు కొనే బ్రాండ్ 3లో ఉంటే మార్చుకోండి, ఎందుకు మార్చారో స్టోర్ మేనేజర్‌కి చెప్పండి, మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి కూడా ఆ నంబర్‌తో సహా ఒక మెయిల్ రాయండి.